సంఘాన్ని దించే ఓటు ఎవరి చేతిలో ఉంది?

సంఘం పెట్టుకునే హక్కు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఆ సంఘం మన మాట వినకపోతే దాన్ని దించే హక్కు గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. ఆ మాట ఎత్తితే యాజమాన్యానికి ఊతమిచ్చినట్టవుతుందని భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ ప్రతినిధిని మార్చుకునే వీలు లేనిచోట ప్రాతినిధ్యం అన్న మాటకు అర్థం ఏం మిగులుతుంది?

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘాన్ని రిజిస్టరు చేసింది గాని, యాజమాన్యం ఏ సంఘంతో చర్చలు జరపాలో చెప్పలేదు. గుర్తింపు పొందిన సంఘం స్థానాన్ని రెండేళ్లపాటు కదిలించకూడదని 1958 నాటి క్రమశిక్షణా నియమావళి అంది. అది చట్టం కాదు, ఒప్పుదల మాత్రమే. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు పెద్ద ప్రభుత్వరంగ సంస్థల్లో, ఆర్.టి.సి.లోనూ సింగరేణిలోనూ, రహస్య బాలెట్ ద్వారా గుర్తింపు తేల్చే పద్ధతి పాతుకుంది.

టెక్కలి, పలాస, పాలకొండ, సాలూరు, పార్వతీపురం డిపోల్లోని డ్రైవర్లకు, కండక్టర్లకు, మెకానిక్కులకు ఆ ఎన్నికల్లో రెండేసి ఓట్లుండేవి. ఒకటి రాష్ట్రస్థాయి గుర్తింపుకు, మరొకటి రీజియన్ స్థాయికి. కార్మికశాఖ ఎన్నిక నడిపేది. 'ఈ సంఘాన్ని తొలగించాలా?' అన్న ప్రశ్న బాలెట్ మీద ఉండదు. ఇంకో గుర్తుకు ఓటేస్తే పాత సంఘం దానంతటదే దిగిపోతుంది. 2012 డిసెంబరులో నేషనల్ మజ్దూర్ యూనియన్‌ను ఓడించి, ఎంప్లాయీస్ యూనియన్, తెలంగాణ మజ్దూర్ యూనియన్ల కూటమిని గెలిపించింది ఈ ఓటే. సింగరేణిలోనూ అంతే. 2012లో, 2017లో గెలిచిన తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘాన్ని 2023 డిసెంబరు 27న కార్మికులు దించి, ఎ.ఐ.టి.యు.సి.ని ఎన్నుకున్నారు. నాయకులకు ఓటమి తెలిసినచోట కార్మికుడి గడప కూడా గుర్తుంటుంది.

2020 జనవరి 1న ఆర్.టి.సి. సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. మహిళా కండక్టర్లకు కూడా ఉద్యోగ భద్రత కలిగింది, అది సంతోషించవలసిన విషయమే. అయితే అలా వచ్చి చేరిన ప్రభుత్వ సర్వీసులో సంఘాలకు గుర్తింపు ఇచ్చే తీరు వేరు. అక్కడ 2001 నాటి నిబంధనల ప్రకారం గుర్తింపు ఇచ్చేదీ ప్రభుత్వమే, తీసేసేదీ ప్రభుత్వమే. 2023 జనవరిలో ప్రభుత్వోద్యోగుల సంఘం నాయకులు జీతాల ఆలస్యం గురించి గవర్నరుకు మొరపెట్టుకున్నారు. గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని ప్రభుత్వం వారికి నోటీసు పంపింది. సంఘాన్ని దించే అధికారం ఉద్యోగుల దగ్గర లేకపోతే అది గాలిలో ఉండిపోదు, యజమాని చేతికి పోతుంది.

ఇక ఈ రెండు వర్గాల్లో దేనిలోనూ లేని మన అంగన్‌వాడీ స్త్రీల సంగతి చూడండి. వారు చేసేది ప్రభుత్వ పని, అందుకునేది 'గౌరవ వేతనం'. 2022లో సుప్రీంకోర్టు వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది గాని, ఉద్యోగి హోదా మాత్రం రాలేదు. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టిన సమ్మెను 42 రోజులు నడిపారు. జనవరి 6న ప్రభుత్వం వారిమీద ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగులని ఒప్పుకోని స్త్రీల పని అత్యవసర సేవ అని ఆ రోజు మాత్రం గుర్తుకొచ్చింది! చర్చల బల్లకు అటువైపు విజయనగరం జిల్లాకు చెందిన మంత్రి బొత్స సత్యనారాయణ కూర్చున్నారు. ఇటువైపు సి.ఐ.టి.యు., ఎ.ఐ.టి.యు.సి., ఐ.ఎఫ్.టి.యు. అనుబంధ సంఘాల నాయకులు కూర్చున్నారు. అన్ని రోజులు సమ్మెను నిలబెట్టిన ఘనత ఆ సంఘాలదే, అందులో సందేహం లేదు. కానీ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో, కుదిరిన ఒప్పందం సరిపోతుందో లేదో రహస్య ఓటుతో చెప్పే చట్టబద్ధమైన ఏర్పాటు సమ్మెలో ఉన్న కార్యకర్తకు గాని, ఆయాకు గాని లేదు. బస్సు డ్రైవరుకు ఒకప్పుడున్న ఆ ఓటు వీరికి ఎన్నడూ లేదు.

'దించే ఓటు అంటే సంఘాలను బలహీనపరచడం కాదా?' అని మిత్రులు అడుగుతారు. ఓటు నిబంధనలు ఎవరు రాస్తారన్న దానిమీద అది ఆధారపడి ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2011లో చట్టం చేసి, టీచర్ల వంటి ప్రభుత్వ సిబ్బంది సంఘాలు ఏటా తిరిగి ఓటు గెలవాలంది. పోలైన ఓట్లలో మెజారిటీ చాలదు, అర్హులైన మొత్తం సిబ్బందిలో 51 శాతం కావాలి. అంటే ఇంట్లో ఉండిపోయిన వారిదీ వ్యతిరేక ఓటే. పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి మినహాయింపు ఇచ్చారు. మగవాళ్లు ఎక్కువున్న ఉద్యోగాలను వదిలేసి, స్త్రీలు ఎక్కువున్న ఉద్యోగాలమీదే బరువు పెట్టారన్నమాట. అది కార్మికుల చేతికిచ్చిన ఓటు కాదు, వారిమీదికి తిప్పిన ఓటు.

కాబట్టి మనం అడగవలసింది స్పష్టంగా అడగాలి. నిర్ణీత గడువుకు రహస్య బాలెట్ జరగాలి. పోలైన ఓట్లే లెక్క కావాలి. ఎన్నిక జరపమనే హక్కు సభ్యులదే కావాలి, ప్రభుత్వానిది కాకూడదు. ఒక సంఘం దిగిపోతే మరో సంఘం ఆ స్థానంలోకి రావాలి, కుర్చీ ఖాళీగా మిగలకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం మద్దతున్న సంఘాన్ని ఏకైక చర్చల సంఘంగా గుర్తిస్తుంది. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే 20 శాతం ఉన్నవాటితో చర్చల మండలి వేస్తుంది. ఆ లెక్కలోకి అంగన్‌వాడీ, ఆశా, మధ్యాహ్న భోజన కార్మికులు రావాలంటే ముందు వారిని కార్మికులుగా ఒప్పుకోవాలి. మన మొదటి పోరాటం అక్కడే.

రెండోది మన ఇంట్లోని పోరాటం. ప్రభుత్వాన్ని అడిగే ఈ ఓటును మన సంఘాలు తమ సభ్యులకు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు. మండల కమిటీ నుంచి రాష్ట్ర కమిటీ దాకా రహస్య ఓటు పెట్టండి. సమ్మె విరమించే ముందు ఒప్పందాన్ని సెక్టారు సమావేశాల్లో చదివి వినిపించి చీటీలు వేయించండి. చందా కట్టేది, ఎండలో కూర్చునేది, జైలుకెళ్లేది స్త్రీలయినప్పుడు, 'చాలు, దిగండి' అనే మాట కూడా వారి నోటనే ఉండాలి. ఆ మాట విని నిలబడగలిగిన సంఘాన్ని ఏ ఎస్మా కూలగొట్టలేదు.