ఇప్పుడేమి చదువుచున్నావు?

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన దినమున చెట్ల నీడను గుంపులుగా నిలిచిన విద్యార్థుల సంభాషణమును ఆలకించువారికి కొన్ని ప్రశ్నలు తప్పక వినబడును. "నీకెన్ని మార్కులు వచ్చినవి?" "సెలవులలో ఏ యూరికి పోయితివి?" "నిన్నటి క్రికెట్టు పందెములో ఎవరు గెలిచిరి?" ఇవి యన్నియు మంచి ప్రశ్నలే. స్నేహమునకు మాటలు కావలెను గదా! కాని "ఇప్పుడేమి పుస్తకము చదువుచున్నావు?" అను ప్రశ్నను మాత్రము నేను మిక్కిలి యరుదుగా వినుచున్నాను. ఎవరైన నడిగినను, అవతలివాడు పాఠ్యపుస్తకముల పేర్లు చెప్పి నవ్వును. లేనిచో "ఏమియు లేదు" అని తప్పించుకొనును. ఈ చిన్న ప్రశ్న మన పాఠశాలలో నిత్యవ్యవహారము కావలెననియు, స్నేహితులు దానికి దాపరికము లేక బదులు చెప్పుకొనవలెననియు నా యభిప్రాయము. అందులకు గల కారణములను విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను చెప్పుచున్నది చదివి ముగించిన పుస్తకమును గూర్చి కాదు. చదువుచున్న పుస్తకమును గూర్చి. ఈ రెంటికిని భేదము కలదు. ముగించినవాడు తీర్పరివలె మాటలాడును. "అది మంచిది", "ఇది పనికిమాలినది" అని యొక్కమాటతో తేల్చివేయును. వినువానికి అందులో పాలు పంచుకొనుటకు చోటు మిగులదు. సగములో నున్నవాని స్థితి యట్టిది కాదు. "ఈమె యిట్లేల చేసెనో నాకు బోధపడలేదు", "ఈ మాటకు అర్థమేమో", "ముందేమి జరుగనున్నదో" అని వాని మనస్సు ఊగులాడుచుండును. ఆ సమయమున పుస్తకమును మిత్రునితో చెప్పుట యనగా, నడచుచున్న దారిలో తోడు రమ్మని పిలుచుటయే. తోడు వచ్చినవాడు మనకు తట్టని దానిని చూపవచ్చును. మనము విసిగి మూసివేయదలచిన పుస్తకమును ఇంకొక పది పుటలు చదివింపవచ్చును.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. మన తాతముత్తాతల కాలమున పల్లెలలో సాయంకాలము దీపము పెట్టి, ఏ యరుగుమీదనో ఒకరు భారతమునో భాగవతమునో చదివి యర్థము చెప్పుచుండగా, అక్షరము రానివారు సైతము చుట్టును కూర్చుండి వినుచుండిరి. ఒకనాడు రాలేకపోయినవాడు మరునాడు పొలముగట్టున కనబడినవానిని "నిన్న కథ యెంతవరకు వచ్చినది?" అని యడిగెడివాడు. ఊరంతయు నొక్క పుస్తకమును, ఒక్క పుటయొద్ద, కలిసి చదువుచుండెనన్నమాట. ఆ యరుగుమీద అన్ని కులములవారికిని సమానముగ చోటుండెడిది కాదన్నది కూడ సత్యమే, దానిని మరుగుపరుపరాదు. తరువాత అచ్చుపుస్తకము వచ్చి, కొనగలిగినవానికిని అడిగి తెచ్చుకొనగలిగినవానికిని, ఎవరి యనుమతియు లేక, తన గుడిసెలో తాను కూర్చుండి చదువుకొను భాగ్యమును కలిగించెను. ఇది గొప్ప మేలు. కాని ఆ మేలుతోపాటు ఒక లోటును వచ్చినది. పఠనము మౌనమైనది; చదువరి యొంటరివాడైనాడు. "కథ యెంతవరకు వచ్చినది?" అని యడుగువారు లేకపోయిరి. ఆ ప్రశ్నను, ఈ మారు ఎవరిని దూరముగ నుంచక, మరల తెచ్చుకొనుట మన చేతిలోని పని.

మిత్రులు కలిసి చదువుటవలన నేమి ఫలము కలుగునో తెలుపుటకు ఇంగ్లీషు సాహిత్యచరిత్రలో నొక చక్కని యుదాహరణము కలదు. జాన్ కీట్సు అను కవి బాల్యమున ఎన్‌ఫీల్డు గ్రామములోని యొక పాఠశాలలో చదివెను. ఆ పాఠశాలాధిపతి కుమారుడు చార్లెస్ కౌడెన్ క్లార్కు అతనికి స్నేహితుడు. 1816వ సంవత్సరము అక్టోబరు నెలలో, గ్రీకు మహాకవియైన హోమరు కావ్యములకు చాప్‌మన్ చేసిన యింగ్లీషు అనువాదము, పాతకాలపు పెద్ద ప్రతి యొకటి, క్లార్కునకు ఎరువుగా దొరకెను. అతడు దానిని ఒంటరిగా ననుభవించి యూరకుండక కీట్సును పిలిచెను. ఇరువురును రాత్రియంతయు చదివిరి. తెల్లవారునప్పటికి కీట్సు లేచి తన బసకు నడచిపోయెను. ఆనాటి యుదయము పది గంటల లోపల, ఆ గ్రంథమును మొదటిసారి చూచినప్పటి తన యాశ్చర్యమును గూర్చి యతడు వ్రాసిన పదునాలుగు పాదముల పద్యము క్లార్కు భోజనపు బల్లమీదికి వచ్చియుండెను. నేటికిని ఇంగ్లీషు చదువువారు దానిని చదువుచునే యున్నారు. ఆ పుస్తకము క్లార్కుది కాదు; ఆ పద్యమును అతడు వ్రాయలేదు. మిత్రుని పిలుచుట యొక్కటియే యతడు చేసిన పని. ఆ పని చేయనిచో ఆ రాత్రి లేదు, ఆ పద్యమును లేదు.

మరియొక యుదాహరణము. మన బాలబాలికలలో కొందరు నార్నియా కథలను చదివియుందురు. వానిని వ్రాసిన సి. ఎస్. లూయిసు 1914వ సంవత్సరమున, పదునైదేండ్ల ప్రాయమున, బెల్‌ఫాస్టు నగరమున తన పొరుగింటిలో జబ్బుపడియున్న యార్థర్ గ్రీవ్సు అను బాలుని చూడబోయెను. పడక ప్రక్కనున్న బల్లమీద ఉత్తరదేశపు పురాణగాథల పుస్తకమొకటి కనబడెను. అది లూయిసునకు ప్రాణసమానమైన పుస్తకము. "నీకును ఇది యిష్టమా?" అన్నంతలోనే వారు మిత్రులైరి. తాము చదువుచున్న పుస్తకములను గూర్చి యొకరికొకరు ఉత్తరములు వ్రాసికొనుచు, 1963లో లూయిసు మరణించువరకు ఆ స్నేహమును నిలుపుకొనిరి. బల్లమీద పుస్తకము కనబడుటచేత ఆ స్నేహము పుట్టినది. నేడు సెల్‌ఫోనులోనే పుస్తకములు చదువువారును కలరు. దూరమునుండి చూచువానికి వాడు చదువుచున్నాడో, ఆడుచున్నాడో తెలియదు. పుస్తకపు టట్ట కనబడదు. కావున నోరు తెరచి యడుగుట, అడిగినప్పుడు చెప్పుట, పూర్వముకంటె నేడే యెక్కువ యవసరము.

దీనికి కొన్ని యాక్షేపణలు కలవు. "పరీక్షలు దగ్గరకు వచ్చుచుండగా ఇతర పుస్తకముల ముచ్చటలేల?" అని తలిదండ్రులు కొంద రందురు. చదువుచున్న దానిని తన మాటలలో ఇంకొకనికి తెలియునట్లు చెప్పగలుగుటయే చదువులోని సగము. ఆ సాధన పరీక్షకు కీడు చేయదు. "నేను చదువుచున్నది అపరాధపరిశోధన కథ; చెప్పినచో నవ్వుదురు" అని విద్యార్థులు కొందరు సిగ్గుపడుదురు. నవ్వువాడే సిగ్గుపడవలసినవాడు. నేడు అపరాధపరిశోధనము చదువువాడు రేపు చరిత్రమును చదువును. నేడు వెక్కిరింపబడినవాడు రేపు దేనిని చదువకపోవచ్చును. గొప్ప పుస్తకము పేరు చెప్పి, ఇంటివద్ద వేరొకటి చదువుట మాత్రము కూడదు. అది మిత్రుని మోసగించుట.

సిగ్గుకంటె చెడ్డది పోటీబుద్ధి. దీనిని గూర్చి యితరులను నిందింపక నా తప్పునే చెప్పెదను. నేను తొమ్మిదవ తరగతిలో నుండగా మా పాఠశాల పుస్తకములు రెండు బీరువాలలో నిమిడియుండెడివి. వారమునకు మనిషికొక పుస్తకము నిచ్చెడివారు. ఆ యేడు వ్యాసరచన పోటీకి స్వీయచరిత్రములవలన కలుగు ప్రయోజనమును విషయముగ నిర్ణయించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము ముందుగా నాకే దొరకెను. నా ప్రక్కను కూర్చుండు మిత్రుని యింట పంచాంగము తప్ప వేరు పుస్తకము లేదు. ఒక సాయంకాలము వాడు "ఏమిరా, ఏమి చదువుచున్నావు?" అని యడిగెను. పుస్తకము సంచిలో నుండగనే "ఏమియు లేదురా" అంటిని. వారము ముగిసినను దానిని మరల నా పేరనే వ్రాయించుకొంటిని. బహుమానము నాకే వచ్చెను. ఆ దినమున సభలో నాచేత వ్యాసమును చదివించిరి. వానికి సంగతి తెలిసిపోయెను. వాడు కోపపడలేదు. "నేను పోటీకి పేరే యియ్యలేదురా. నీవేదో చదివి నీలో నీవు నవ్వుకొనుచుండగా చూచి, అదేమో తెలిసికొనవలెనని యడిగితిని" అని మాత్రమనెను. పదవ తరగతి యైన పిమ్మట వాడు చదువు మాని బియ్యపు మిల్లులో పనికి కుదిరెను. ఆ పుస్తకమును వాని చేతికిచ్చు నవకాశము నాకు మరల కలుగలేదు. బహుమానముగ వచ్చిన పుస్తకము పేరు నాకిప్పుడు జ్ఞాపకము లేదు. "ఏమియు లేదురా" అన్న నా మాట మాత్రము మరపునకు రాలేదు.

ఇక నొక యాక్షేపణ మిగిలినది. "పుస్తకమును గూర్చి చెప్పినచో దానిని అడుగుదురు, ఇచ్చినచో తిరిగి రాదు" అని. ఇది నిజమైన భయమే. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిను 1727లో మిత్రులతో నొక చర్చాసంఘమును స్థాపించెను. వారు తమతమ పుస్తకములను ఒక గదిలో చేర్చి యందరును వాడుకొనునట్లు చేసిరి. సరియైన సంరక్షణ లేక సుమారొక సంవత్సరములోనే ఎవరి పుస్తకములను వారు తీసికొనిపోయిరి. ఫ్రాంక్లిను అంతటితో నిరాశపడలేదు. 1731లో చందాదారులను చేర్చి, నియమములతో నొక గ్రంథాలయమును నెలకొల్పెను. అది నేటికిని నిలిచియున్నది. పుస్తకము పోవునను భయమునకు మందు తాళము కాదు, నియమము. ఎవరికి, ఏ తేదీని ఇచ్చితిమో వ్రాసికొనుట, గడువు చెప్పుట, గడువునకు తిరిగి యిచ్చుట: ఇవి చాలును.

మన యాంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడిపిన పెద్దల చరిత్రము విద్యార్థులందరును తెలిసికొనదగినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవమీద పుస్తకములను పెట్టి, కాలువ వెంట గ్రామములవారికి అందించిరి. వారంత శ్రమపడి పుస్తకమును ఊరివరకు తెచ్చిరి. అచ్చటినుండి చదువరి చేతివరకు గల నాలుగడుగులను పుస్తకము తనంతట తాను నడువలేదు. "నేనిది చదువుచున్నాను, బాగున్నది" అను మిత్రుని మాటయే దానిని నడిపించును. మన గ్రంథాలయములో దుమ్ము పట్టియున్న పుస్తకములు చెడ్డవి కావు. వానిని గూర్చి చెప్పిన మిత్రుడు లేడు, అంతియే.

కావున నేను కోరునది యిది. ప్రతి తరగతిలోను నల్లబల్ల ప్రక్కగా నొక కాగితమును అంటింపవలెను. అందు విద్యార్థి తన పేరును, చదువుచున్న పుస్తకము పేరును, ఎన్నవ పుటలో నున్నాడో ఆ యంకెను వ్రాయవలెను. వారమున కొకసారి ఆ యంకెను మార్చవలెను. నచ్చక విడిచినచో "మానితిని" అని వ్రాయవచ్చును. అందులో తప్పు లేదు. దీనికి మార్కులుండరాదు, బహుమానములును ఉండరాదు. ఉండినచో అబద్ధపు టంకెలు పుట్టును. శనివారమున పది నిమిషములు ఇద్దరో ముగ్గురో లేచి తాము చదువుచున్న దానిని గూర్చి చెప్పవలెను. కథ ముగింపును మాత్రము ఎవరును చెప్పరాదు. ఉపాధ్యాయులును తమ పేర్లను ఆ కాగితముమీద వ్రాయవలెను; మనము చదువక పిల్లలను చదువుమనుట న్యాయము కాదు.

తలిదండ్రులకొక మనవి. రాత్రి భోజనముల వేళ "ఎన్ని మార్కులు?" అని యడుగుటకు ముందు "ఏమి చదువుచున్నావు, ఎంతవరకు వచ్చినది?" అని యడుగుడు. మీకు చదువు రాకున్నను చింత లేదు. పావుగంట సేపు బిడ్డచేత బిగ్గరగ చదివించుకొని వినుడు. మన తాతల యరుగు ఆ విధముగ మీ యింటనే మరల వెలయును.

ఇతరులకు చెప్పినవాడు తానును బదులు చెప్పవలెను గదా. నేనిప్పుడు వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రమునే మరల చదువుచున్నాను. నలువదియవ పుటలో నున్నాను. ఈ మారు అడిగినవారికెల్ల చెప్పుచున్నాను. చదువరీ, నీవేమి చదువుచున్నావు?