వార్డు కమిటీ పని, ఓనర్ల సంఘం చేతిలో

హైదరాబాద్ శివార్లలో కాలనీ సంక్షేమ సంఘం ఏర్పడేది ఎక్కువగా అవసరం తోసుకొచ్చినప్పుడే. లేఅవుట్ వేసినవాళ్లు ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోతారు. రోడ్డు, డ్రైనేజీ, మంజీరా నీళ్లు, వీధిదీపాలు ఇళ్లు కట్టుకున్నవాళ్ల నెత్తిన పడతాయి. పది పదిహేను కుటుంబాలు చందాలు వేసుకుని మట్టి పోయించుకుంటాయి, స్తంభాలు వేయించుకుంటాయి. ఆ తర్వాత లెటర్‌హెడ్ ఉంటే తప్ప అధికారి కుర్చీ చూపించడని అర్థమై సంఘాన్ని రిజిస్టర్ చేయిస్తాయి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇందుకు ఏడుగురు సభ్యులుంటే చాలు. ఏడుగురితో మొదలైన ఆ సంఘమే కొన్నేళ్లకు కొన్ని వందల ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. ఆ వందల ఇళ్లు దానికి ఆ అధికారం ఇచ్చాయా లేదా అని అడిగే యంత్రాంగం ఎక్కడా లేదు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పరిస్థితి వేరు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం, 2016 నాటి రెరా చట్టం దానికి గట్టి పునాది వేశాయి. ఫ్లాట్లలో సగానికి మించి బుక్ అయిన మూడు నెలల్లోగా సంఘం ఏర్పడేలా చూడటం బిల్డర్ బాధ్యత. మెట్లు, లిఫ్టు, టెర్రస్, పార్కింగ్ వంటి ఉమ్మడి భాగాలను అతను ఆ సంఘానికే అప్పగించాలి. నిర్మాణంలో లోపం ఐదేళ్లలోపు బయటపడితే తన ఖర్చుతోనే సరిచేయాలి. మెయింటెనెన్స్ కట్టనివాడి నుంచి వసూలు చేసుకునే దారి ఎంత తిప్పలైనా అపార్ట్‌మెంట్‌కు ఒకటి ఉంది. వీధుల్లో విడివిడి ఇళ్లున్న కాలనీకి అదీ లేదు. చందా ఇవ్వని ఇంటి ముందు కూడా అదే వీధిదీపం వెలుగుతుంది, అదే వాచ్‌మన్ రాత్రి విజిల్ ఊదుతాడు. అందుకే చాలా కాలనీ సంఘాల బరువు రిటైరైన ముగ్గురు నలుగురి భుజాల మీదే ఉంటుంది. వాళ్ల ఓపిక అయిపోయిన రోజున సంఘం పేరు బోర్డు మీద మాత్రం మిగులుతుంది.

ఇంత బలహీనమైన సంస్థకు ఇన్ని పనులు ఎలా వచ్చిపడ్డాయన్నది అసలు ప్రశ్న. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ఈ పనుల కోసం వేరే వేదికను ఊహించింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. 2011 జనగణనలో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది. 2020 డిసెంబరు ఎన్నికల నాటికి వార్డులు 150. అంటే పాత లెక్కల ప్రకారమే ఒక్కో కార్పొరేటర్ సగటున 45 వేల మందికి ప్రతినిధి. ఆ ఎన్నికల్లో ఓటు వేసినవాళ్లు సగం మంది కూడా లేరు. వార్డు కమిటీలు, ఏరియా సభలు కాగితం మీద ఉన్నా, అవి క్రమం తప్పకుండా కూర్చుని వార్డు ఖర్చుల గురించి నిలదీసిన అనుభవం నగరవాసులకు దాదాపు లేదు. ఆ ఖాళీలోకి కాలనీ సంఘం వచ్చింది. సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం పట్టుకుని నిలబడేది, మ్యాన్‌హోల్ పొంగితే జలమండలికి ఫోన్ చేసేది, కార్పొరేటర్‌ను పిలిచి శంకుస్థాపన చేయించేది అదే.

కొన్ని చోట్ల ఈ పని అద్భుతంగా జరిగింది. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన జాగాను కాపాడటంలో సంఘాలను మించిన కాపలా లేదు. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. ఆ కేటాయింపు చెల్లదని, దాన్ని ప్రశ్నించే హక్కు చుట్టుపక్కల ఉంటున్నవాళ్లకు ఉందని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. దేశమంతటా పార్కు స్థలాల వివాదాల్లో ఇప్పటికీ ఆ తీర్పు అండగా ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ రోడ్ల మూసివేతపై సైనిక్‌పురి, యాప్రాల్ వైపు కాలనీలన్నీ సమాఖ్యగా ఏర్పడి ఏళ్ల తరబడి పట్టుబట్టాయి. దేశవ్యాప్తంగా కంటోన్మెంట్ రోడ్లు తెరవాలని 2018 మేలో రక్షణ శాఖ నిర్ణయించడం వెనక ఇలాంటి ఒత్తిళ్లూ ఉన్నాయి. ఒక్కో కాలనీ విడిగా అడిగి ఉంటే ఆ అర్జీలు ఏ ఫైల్లో తేలేవో ఊహించుకోవచ్చు.

నీటి దగ్గరికి వచ్చేసరికి ఇదే బలం అడ్డం తిరుగుతుంది. నగరంలో చాలా కాలనీలు చెరువుల శిఖంలోనో, ఒక చెరువు నుంచి మరో చెరువుకు నీళ్లు పారే దారిలోనో వెలిశాయి. 2020 అక్టోబరు వరదల్లో రోజుల తరబడి నీళ్లలో ఉన్నవాటిలో ఇలాంటివి ఎన్నో. అలాంటి కాలనీ సంఘం అడిగే మొదటి కోరిక తమ నీళ్లు త్వరగా బయటికి పోవాలని. ఆ నీళ్లు వెళ్లేది దిగువనున్న మరో కాలనీకో, నాలా ఒడ్డు బస్తీకో. తూము తెరవమని పై కాలనీ, తెరవొద్దని కింది కాలనీ ఒకే అధికారి దగ్గర బారులు తీరతాయి. ఇద్దరిలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గుతుంది. బస్తీకి ఆ గొంతు కూడా ఉండదు. గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ మొత్తాన్ని చూసి తేల్చాల్సిన విషయం ఇది. తన హద్దురాయి దాకానే చూసే సంఘం దీన్ని పరిష్కరించలేదు. అది దాని తప్పు కూడా కాదు.

సంఘం తప్పు అనదగింది సభ్యత్వం దగ్గర ఉంది. చాలా సంఘాల నిబంధనల్లో సభ్యుడంటే ఓనరే. అద్దెకున్నవాళ్లు నెలనెలా మెయింటెనెన్స్ కడతారు, ట్యాంకర్ నీళ్లకు వంతు ఇస్తారు, జనరల్ బాడీలో మాత్రం చెయ్యెత్తలేరు. ఓనర్ అమెరికాలో ఉంటాడు, ఓటు అతనిది. బోరు ఎండిపోయిన వేసవిలో బకెట్లు మోసేది అద్దెవాళ్లు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లు ఏ లిఫ్టు ఎక్కాలో తీర్మానించే సంఘాలున్నాయి కానీ, ఆ తీర్మానం ముందు వాళ్లను అడిగిన సంఘం అరుదు. బ్యాచిలర్లకు ఇల్లివ్వద్దని, మాంసం వండేవాళ్లకు ఇవ్వద్దని ఓనర్ల మీద ఒత్తిడి తేవడం, మునిసిపల్ రోడ్డుకు గేటు పెట్టి రాత్రి తాళం వేయడం సంక్షేమం పేరుతోనే జరుగుతున్నాయి. కార్పొరేషన్ రోడ్డును మూసే అధికారం ఏ సొసైటీకీ లేదు. అయినా ఆ గేటు తీయించడానికి ఏ అధికారీ తొందరపడడు. పొద్దున్నే ఫోన్ చేసేది సంఘం అధ్యక్షుడే కదా.

ఇలాంటి ప్రైవేటు సంస్థకే ప్రభుత్వాలు ఒక్కొక్కటిగా ప్రజా బాధ్యతలు అప్పగిస్తున్నాయి. చెత్తను తడి, పొడిగా వేరు చేయించే బాధ్యతను 2016 ఘన వ్యర్థాల నిబంధనలు నివాసుల సంఘాల మీదా పెట్టాయి. 5 వేల చదరపు మీటర్లు మించిన గేటెడ్ కమ్యూనిటీలు తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలన్నాయి. వీధికుక్కలకు ఎక్కడ, ఏ వేళ తిండి పెట్టాలో ఏర్పాటు చేయాల్సింది కూడా సంఘమేనని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. చెత్త కలిపి ఇచ్చే ఇంటి మీద గానీ, కుక్క కరిచిందని కర్ర పట్టుకున్న పొరుగింటాయన మీద గానీ సంఘానికి ఏ అధికారమూ లేదు. పని సర్కారుదే, చేసేవాళ్లు మాత్రం జీతం లేని కార్యదర్శి, కోశాధికారి.

డబ్బు లెక్కల్లోనూ ఇదే గందరగోళం. సభ్యుడు నెలకు కట్టేది 7,500 రూపాయలు దాటితే, సంఘం వార్షిక వసూళ్లు 20 లక్షలు మించితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ పన్ను మొత్తం సొమ్ముపైనా, 7,500 దాటిన భాగంపైనేనా అన్న వివాదం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. దాటిన భాగంపైనేనని 2021లో ఆ కోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి వసూలు చేసిన చెత్త రుసుముపై విశాఖ, విజయవాడ వంటి నగరాల్లో కాలనీ సంఘాలు గట్టిగా నిరసన తెలిపాయి. 2024 డిసెంబరు 31తో ఆ రుసుము రద్దయింది. రుసుము మీద కనబడిన ఆ పట్టుదల చెత్తను వేరు చేయడం మీద కనబడిన కాలనీలు మాత్రం తక్కువే.

ప్రభుత్వం నేరుగా సంఘాలను భాగస్వాములుగా చేసుకుంటే ఏమవుతుందో ఢిల్లీలో తెలిసింది. 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం మొదలుపెట్టిన భాగీదారీ పథకం అధికారులను, కాలనీ సంఘాలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అనుమతులున్న కాలనీల పనులు కదిలాయి. మురికివాడల జనం చాలావరకు ఆ బల్ల బయటే ఉండిపోయారని, ఎన్నికైన కౌన్సిలర్లను పక్కకు నెట్టారని విమర్శలు వచ్చాయి. తెలంగాణ మునిసిపాలిటీల చట్టం 2019లో ఎంచుకున్న దారి ఇంతకంటే మెరుగు. ప్రతి వార్డులో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలని అది నిర్దేశించింది. వేరే చట్టం కింద నడిచే హైదరాబాద్‌లో కూడా ఇలాంటి కమిటీలు వార్డు బడ్జెట్ చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. అందులో కాలనీ సంఘానికి ఎన్ని కుర్చీలో, పక్క బస్తీకీ అన్ని కుర్చీలు ఉండాలి. అద్దెకున్నవాళ్లకు ఓటు ఇవ్వడానికైతే చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. మెయింటెనెన్స్ కట్టేవాళ్లందరికీ ఖర్చుల మీద ఓటు ఉంటుందని సంఘమే సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేసి నిబంధనలు సవరించుకోవచ్చు. సవరించిన ప్రతిని రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తే సరిపోతుంది.