ఉప్పెన యాభయ్యో ఏట వేదిక కట్టవద్దని మనవి

మహా ఘనత వహించిన కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలం బిషప్ గారికి, దివిసీమ సంఘ సభ్యుడొకరు వందనాలతో రాసే బహిరంగ లేఖ.

అయ్యగారూ,

2027 నవంబరు 19కి దివిసీమ ఉప్పెనకు యాభై ఏళ్లు నిండుతాయి. 1977లో ఆ శనివారం సముద్రం నాగాయలంక, కోడూరు పల్లెల మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ రోజును తలచుకోవాలంటే షామియానా వేసి, వేదిక కట్టి, నాయకుల బొమ్మలతో ఫ్లెక్సీలు పెట్టడం మనకు అలవాటు. ఈసారి అది వద్దని అడగడానికే రాస్తున్నాను.

క్రీస్తు తగ్గింపు గురించి మనం చెప్పుకోని ఆదివారం ఉండదు. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం చాలామందికి కంఠతా వచ్చు. పౌలు దాన్ని ఎలాంటి సంఘానికి రాశాడో మాత్రం మరచిపోతాం. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు పరిచారకురాళ్లకు పొసగని సంఘం అది. తనకు న్యాయంగా దక్కిన మహిమను కూడా పట్టుకు కూర్చోని క్రీస్తును వాళ్ల ముందు నిలబెట్టాడు. తనది కానిదాన్ని ఎవరైనా వదులుకోవాల్సిందే, అది త్యాగం కాదు. ఆయన వదులుకున్నది తన సొంత హక్కును. తెలుగు సంఘాల్లో కమిటీ ఎన్నికల కోసం, ఆస్తుల వ్యాజ్యాల కోసం మనవాళ్లు పడే ఆరాటం చూసినప్పుడల్లా ఆ రెండు పేర్లే గుర్తుకొస్తాయి నాకు.

ఈ నేల మీద ఆ తగ్గింపును బతికి చూపినవాళ్లున్నారు. మిషనరీ రాబర్ట్ నోబుల్ 1841లో హెన్రీ ఫాక్స్‌తో కలిసి బందరు వచ్చి, 1843లో బడి తెరిచాడు. పెళ్లి చేసుకోలేదు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారైనా ఇంగ్లండు వెళ్లి రాలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయినప్పుడూ ఊళ్లోనే ఉన్నాడు. మరుసటి ఏడు అక్టోబరులో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన్ని గౌరవిస్తూనే ఒక నిజం చెప్పుకోవాలి. ఆ బడి పై కులాల పిల్లల కోసమని మొదలైంది. సొంత దేశాన్ని వదులుకున్న మనిషికి కూడా ఆ ఒక్క గడప దాటడం కష్టమైంది. 1859లో బాప్తిస్మం పుచ్చుకున్న రాఘవాపురం పగోలు వెంకయ్య ఆ గడపకు అవతలివాడు, మాల పెద్ద. సువార్తను పేట నుంచి పేటకు మోసింది ఆయన లాంటివాళ్లు. గుడివాడ చుట్టుపక్కల పేటల్లో ఈనాడు మోగే గంటల వెనక వాళ్ల కాలినడక ఉంది.

యేసు చివరి భోజనపు రాత్రి యూదా కాళ్లూ కడిగాడు. అప్పగిస్తాడని తెలిసీ కడిగాడు. ఎవరని చూడని అలాంటి సేవ 1977లో ఇక్కడా కనిపించింది. దివిసీమకు మదర్ థెరిసా వచ్చారు, రామకృష్ణ మిషన్ వాళ్లు వచ్చారు. బురదలోంచి శవాలు తీసినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. నువ్వెవరివని శవాన్ని అడిగినవాడు లేడు. మన సహాయం బతికున్నవాళ్లకు కూడా అలాగే అందాలి. సంఘంలో పేరుందా, కానుక ఇస్తున్నావా అన్న ప్రశ్న తుఫాను రోజున గుమ్మం దగ్గర వినపడకూడదు.

నేను అడిగేది ఇది. యాభయ్యో ఏట సభకయ్యే డబ్బుతో తీరంలోని పక్కా చర్చి భవనాలను తుఫాను వేళ అందరూ తలదాచుకునేలా సిద్ధం చేయండి. మంచినీళ్ల ట్యాంకు, జనరేటరు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు ముందు కావాలి. ఒక తాళంచెవి పాస్టరు గారి దగ్గర, ఇంకొకటి పక్కనున్న మత్స్యకార కుటుంబం దగ్గర ఉంచండి. బందరు, గుడివాడలోని పెద్ద సంఘాలు ఒక్కొక్కటి ఒక్కో తీర గ్రామాన్ని చూసుకోవచ్చు. దాత పేరుతో శిలాఫలకం పెట్టవద్దు. ఆ నవంబరు 19న మీరూ, గురువులూ అంగీలు పక్కనపెట్టి మాతోపాటు ట్యాంకులు కడగడానికి రండి.

మరొక్క మాట. హెచ్చరిక వచ్చినా కదలనివాళ్లు చాలామంది మేకలను, గేదెలను వదిలి రాలేకే ఆగిపోతారు. చర్చి ఆవరణలో వాటికీ మెరక చేసిన చోటు ఒకటి ఉంచమని గురువులకు ఇప్పుడే చెప్పండి.

ప్రభువు పరిచర్యలో,
దివిసీమ సంఘ సభ్యుడు