తాళం తిప్పొద్దు

దమ్ము రోజుల్లో తెల్లారకముందే ట్రాక్టర్ పొలంలో దిగాలి. ఆ తొందరలో, మసక చీకట్లో, పవర్ స్ప్రేయర్‌కని తెచ్చిన పెట్రోల్‌ను డీజిల్ ట్యాంకులో పోసేయడం మన ఊళ్లకు కొత్త కాదు. రెండు క్యాన్లూ ఒకే రంగువి మరి! బంకులో కుర్రాడు ఒక పైపు బదులు ఇంకోటి పెట్టడమూ ఉంది.

సంగతి తెలిసిన క్షణం నుంచి తాళం తిప్పొద్దు. "కాస్త పెట్రోలే కదా, పైన డీజిల్ నింపితే సరి" అనే సలహాను మేము ఒప్పుకోం. డీజిల్ ఇంజన్‌కు మేతే కాదు, ఇంజెక్షన్ పంపుకు నూనె కూడా. పెట్రోల్‌లో ఆ జిడ్డు ఉండదు. పంపు లోపలి భాగాలు ఒరుసుకుని గీతలు పడతాయి, ఆపైన నాజిళ్ల వంతు. స్టార్ట్ చేయకముందైతే ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్లు మార్చి, మంచి డీజిల్ పోసి, ఎయిర్ తీస్తే చాలు. నడిపాక పంపు విప్పాల్సి రావచ్చు. అదను మన కోసం ఆగదు. పని జరిగేచోట బీడీ వెలిగించొద్దు, తీసింది కాలువలో పారబోయొద్దు.

తప్పు బంకుదైతే ఖర్చు రైతెందుకు భరించాలి? బిల్లు దాచండి, ట్యాంకులోంచి తీసినదాన్ని ఒక సీసాలో ఉంచండి, జరిగింది మేనేజర్‌తో రాయించుకోండి. వాళ్లు కాదంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఫిర్యాదు రాయడానికి ఆ కాగితాలతో సంఘం ఆఫీసుకు రండి.