కారణము చెప్పని నిరాకరణము

చెవిటికల్లు మొదలు జగ్గయ్యపేట వఱకు గల మెట్టసీమలో ప్రత్తియు మిరపయు పండుచున్నవి. సరకు సముద్రములు దాటి పోవచ్చును. కాని బేరము కుదుర్చుకొనుటకు వర్తకుడు తానే బయలుదేరెనా, పరదేశపు కాన్సలు కిటికీయొద్ద నిలిచి వీసా నర్థింపవలెను. నాలుగు ప్రశ్నలైన పిమ్మట నిరాకరణపత్రము చేతికి వచ్చునేని, కట్టిన రుసుము పోయినట్లే. ఇంతకు నాతడు చేసిన తప్పేమి?

అమెరికా వారి 1952 నాటి వలసచట్టమున 214(బి) అను విభాగము కలదు. వర్తకమునకై కొలదిదినములు వచ్చువాడును అచ్చటనే స్థిరపడదలచినవాడని యది ముందుగానే భావించును. కాదని ఋజువు చేయు భారము వానిదే. చేయలేనివానికి అప్పీలు లేదు. మరల రుసుము కట్టి మరల దరఖాస్తు పెట్టవలసినదే. కాన్సలు నిర్ణయములను న్యాయస్థానములు సాధారణముగా విచారింపవను సూత్రమును వారి సుప్రీముకోర్టు 2024లో మరల స్థిరపఱచినది. బ్రిటనులో 2014 చట్టము పిమ్మట మానవహక్కులు, శరణు మున్నగు విషయములందు దప్ప అప్పీలు మిగులలేదు. షెంగెన్ దేశముల 2009 నాటి వీసా నిబంధనావళి మాత్రము నిరాకరణకు కారణము తెలుపవలెననియు, అప్పీలునకు హక్కు కలదనియు చెప్పుచున్నది. సరిహద్దును కాచుకొనుచునే న్యాయము చేయవచ్చుననుటకు వేఱు సాక్ష్యమేల?

పరదేశీయుని రానిచ్చుటయు మానుటయు నా దేశపు ఇచ్చయని కొందఱందురు. నిజమే. కాని ఇచ్చకును న్యాయమునకును నడుమ ఒక జవాబుండవలదా? మన దేశముననే పాస్‌పోర్టు ఒకప్పుడు సర్కారు దయయై యుండెను. 1967లో సత్వంత్ సింగ్ సాహ్ని వ్యాజ్యమున సుప్రీముకోర్టు, విదేశప్రయాణము వ్యక్తిస్వాతంత్ర్యములోనిదని తీర్పు చెప్పెను. ఆ యేటనే వచ్చిన పాస్‌పోర్టుచట్టము నిరాకరణకు సాధారణముగా కారణము చూపుటను, అప్పీలును ఏర్పఱచెను. అందువలన సర్కారున కేమి కొఱత వచ్చినది?

మన వర్తకులకొక మాట. నిరాకరణపత్రమును చించివేయక చదువుడు. ఏ నిబంధన క్రింద త్రోసివేసిరో, మిగిలిన మార్గము అప్పీలో, పునఃపరిశీలనమో, క్రొత్త దరఖాస్తో, గడువెంతయో చూడుడు. బేరపు ఉత్తరములు, బ్యాంకు లెక్కలు, పన్ను రసీదులు సరిచూచి జతపఱచుడు. దళారి యిచ్చు కల్ల కాగితమును ముట్టకుడు. అమెరికా చట్టము క్రింద అట్టి మోసము జీవితాంతపు నిషేధము కాగలదు.

ఇక ప్రభుత్వమునకు. 2025 జూలై 24న బ్రిటనుతో వర్తకపుటొడంబడికపై చేవ్రాలు చేసితిరి. సరకునకు దారి వేసినవారు సరకు నమ్మువానిని మఱవరాదు. ఇట్టి ప్రతి యొడంబడికయందును వ్రాతమూలమైన కారణమును, పైయధికారి పునర్విచారణమును కోరవలెను; మన గుమ్మమునకు వచ్చు పరదేశవర్తకునకును అవియే ఈయవలెను. మేమడుగునది దయ కాదు, జవాబు.