అడుగువారుండవలెను

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలోనికి బుల్డోజర్లు వచ్చినప్పుడు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డు నిలిచిరి. కొందరిని పోలీసులు నిర్బంధించిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించినది. అప్పటికే ఎన్నో చెట్లు కూలినవి.

వారు చెట్ల కొరకు నిలదీసిరి. వేడిమిని పెంచుచున్న బొగ్గును గూర్చి నిలదీయుట మిగిలియున్నది. మన దీపములు నేటికిని ఎక్కువగా బొగ్గుతోనే వెలుగుచున్నవి. 2030 నాటికి 20,000 మెగావాట్ల హరిత విద్యుత్తును సాధించెదమని రాష్ట్ర ప్రభుత్వము 2025 జనవరిలో ప్రకటించినది. మేడ్చల్, శామీర్‌పేటలకు ఓట్లకై వచ్చు నాయకులను మన యువకులు రోడ్లు, కొలువులు అడుగుదురు (అడుగవలసినవే). ఆ మెగావాట్లు ఎంతవరకు వచ్చినవని అడిగినవారిని మేము చూడలేదు.

కమిటీ పెద్దలకు ఒక మనవి: ఏ విద్యార్థియైనను ముందుగా మన కళాశాల డాబాపై సౌరఫలకములు ఏవని ప్రశ్నించినచో కోపగించరాదు.