పట్టభద్రులును న్యాయవిద్యయు

ఎర్రుపాలెపు పఠనమందిరమున నొక సాయంకాలము పత్రికలు తిరుగవేయుచున్న యువకుని, ఆ యేడే బి.ఏ. ముగించినవానిని, ఇక నేమి చేయదలచితివని యడిగితిమి. "ఉద్యోగం దొరికేదాకా లా చదువుదామనుకుంటున్నానండీ" అని యతడు వినయముతోనే బదులు చెప్పెను. ప్రక్కన కూర్చున్న పెద్దలు తలలూపిరి. ఆ మాటలో తప్పున్నదని యొక్కరికిని తోచలేదు. మాకు తోచినది. వైద్యవిద్యను గూర్చి యెవడైన నట్లనునా? ఉద్యోగము దొరకువరకు శస్త్రచికిత్స నేర్చుకొందునన్నవాని చేతికి మన బిడ్డ నప్పగింతుమా? భూమి పోయిన కుటుంబమునకు కలుగు చేటు ప్రాణము పోయిన చేటుకంటె తక్కువదియా?

ఆ యువకునియందు మాకు కోపము లేదు. అతనిచే నామాట పలికించిన లోకాభిప్రాయముమీదనే మా కలహము.

ఈ ద్వార మూరక తెరువబడినది కాదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున సెకండు గ్రేడు ప్లీడరుగా నెంత పేరు గడించినను, హైకోర్టున వాదించుట కర్హత లేక, బారిష్టరగుటకై సముద్రము దాటవలసివచ్చెను. 1961 నాటి అడ్వకేట్ల చట్ట మా మెట్లను కూలద్రోసి న్యాయవాదుల నందరిని ఒక్క తరగతిగా చేసినది. నేడు మధిరకును కొండపల్లికిని నడుమనున్న యీ చిన్న రైలుస్టేషను ఊరి రైతుబిడ్డ, పట్టము పుచ్చుకొని, మూడేండ్లు న్యాయశాస్త్రము చదివి, బార్ కౌన్సిలున పేరు నమోదు చేయించుకొని, అఖిలభారత బార్ పరీక్ష దాటినచో, మధిర కోర్టు మొదలు ఢిల్లీ సుప్రీముకోర్టువరకు వాదింప నధికారము గలవాడగుచున్నాడు. ఇంతటి యధికారము నిచ్చు చదువును కాలక్షేపముగా నెంచుట యెంత యవివేకము!

భారత బార్ కౌన్సిలు 2008 లో చేసిన న్యాయవిద్యా నియమములు ప్రతి విషయమునను నూటికి 70 పాళ్లు హాజరును, మూడేండ్లలో కనీసము 12 వారములు న్యాయవాదులవద్దను న్యాయస్థానములయందును పని నేర్చుటను విధించినవి. జరుగుచున్న దేమి? కొన్నిచోట్ల పట్టికలో పేరుండును, బల్లమీద మనిషి యుండడు. పరీక్షకు ముందు వారము దినములు గైడు పుస్తకము తెరచుట, ముగియగనే దానిని చిత్తుకాగితములవాని కిచ్చుట. 1860 నాటి శిక్షాస్మృతి 2024 జూలై 1వ తేదీన తొలగి భారతీయ న్యాయసంహిత వచ్చిన పిమ్మటను, పాత గైడు చవుకగా దొరకెనని పాత సెక్షనులే వల్లెవేసినవారిని మే మెరుగుదుము. ఇక బార్ పరీక్షయో, నాలుగు జవాబులలో నొకటి గురుతుపెట్టు నూరు ప్రశ్నలు. చట్టపుస్తకము చేతనుంచుకొనియే వ్రాయవచ్చును. సామాన్యునకు 45 మార్కులు చాలును. ఆ జల్లెడలో నిలుచు రాయి యెంత?

"ఐన నేమి నష్టము? వాడు ప్రాక్టీసు చేయబోవునా? పేరు చివర రెండక్షరములుండిన పెండ్లిసంబంధమునకైన పనికివచ్చును" అని కొందరు నవ్వుదురు. ఆ నవ్వు చల్లారకముందే వాని ఉద్యోగపుటాశలు చల్లారును. నలుబదియేండ్ల కేనియు నల్లకోటు తొడిగి కోర్టు వాకిట నిలుచును. శ్రద్ధతో చదివినవాని సన్నదును, చదువనివాని సన్నదును చూచుట కొక్కతీరుననే యుండును. పల్లెటూరి కక్షిదారు తేడా యెట్లు కనిపెట్టగలడు?

నష్టమెవరిదో తెలియవలెనన్న, ఎర్రుపాలెపు మైదానము విడిచి యీశాన్యమున భద్రాచలపు అడవి యంచువరకు పోవలెను. ఖమ్మము జిల్లా 1953 లో వరంగల్లునుండి విడివడి యేర్పడినది. 1959 లో తూర్పుగోదావరికి చెందిన భద్రాచలము, నూగూరు తాలూకాలు దానియందు చేరినవి. గోదావరి కీవలి భూములకు నిజాము నాటి పహాణీలు. ఆవలి భూములకు చెన్నరాజధాని నాటి అడంగళ్లు. ఒక్క జిల్లాలో రెండు రాజ్యముల చరిత్ర! 2014 లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినను, 2016 లో భద్రాద్రి కొత్తగూడెము వేఱు జిల్లాయైనను, కాగితములలోని చిక్కు విడిపోలేదు. గైడు చదివిన వకీలు దీని నేమి తెలిసికొనగలడు?

అడవి ప్రజకు రక్షగా నిలిచిన చట్టమొకటి యున్నది: 1959 నాటి 1వ భూబదలాయింపు రెగ్యులేషను. అది 1963 లో తెలంగాణ ప్రాంతమునకు వర్తించినది. 1970 నాటి 1వ రెగ్యులేషనుచే మరింత గట్టిపడినది. దానినిబట్టి ఏజన్సీలో నెవడైనను, గిరిజనుడు గానిండు గిరిజనేతరుడు గానిండు, తన స్థిరాస్తిని గిరిజనేతరునకు బదిలీ చేసిన నది చెల్లదు. అంతియే కాదు. గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి సంక్రమించినదే యని, అట్లు కాదని ఋజువగువరకు, చట్టమే తలంచును. ఋజువు భారము భూమి ననుభవించువానిది. ఈ శాసనము చెల్లునని సుప్రీముకోర్టు 1988 లో తీర్పుచెప్పినది.

ఇక మేము కన్నులార చూచినది చెప్పెదము. ఒక కచేరి వసారాలో ఒక కోయ వృద్ధుని, వాని వకీలే, "భూమి నీదని చూపే కాగితమేదీ?" అని గద్దించుచుండెను. వృద్ధుడు తలగుడ్డ ముడి విప్పి, మడతలు పడి చినిగిన శిస్తు రసీదొకటి వణకుచు చేతికిచ్చెను. వకీలు పెదవి విరచెను. ఆ రసీదు లేకున్నను చట్టము మొదట నా వృద్ధునివైపే చూచును. ఆ మాట చెప్పవలసిన నోరే యామాట నెరుగదు! లంచము పుచ్చుకొన్నవాడును, శత్రువుతో చేయికలిపినవాడును కాడతడు. చదువలేదు, అంతే. ద్రోహముచేత పోయిన భూమియు అజ్ఞానముచేత పోయిన భూమియు పోయినదే గదా!

1987 నాటి న్యాయసేవాధికార చట్టము గిరిజనులకును, షెడ్యూల్డు కులములవారికిని, స్త్రీలకును ఉచిత న్యాయసహాయమున కర్హత కల్పించినది. మంచిదే. కాని ఫీజు లేని వకీలు చదువును లేనివాడైనచో బీదవానికి దక్కిన దేమి? శ్రద్ధగా పట్టుకొన్న చట్ట మేమి చేయగలదో సమత తీర్పు చూపినది. విశాఖ మన్యపు గనుల తగవులో నా పేరి సంస్థ సుప్రీముకోర్టుదాక పోరాడెను. అందుపై 1997 లో షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వభూములు సయితము గిరిజనేతరుల గనులకు కౌలు కీయరాదని తీర్పు వెలువడెను. అదియు పైని చెప్పిన రెగ్యులేషను బలముననే.

తప్పు విద్యార్థులదే యనము. మన విశ్వవిద్యాలయములు న్యాయశాస్త్రము నింగ్లీషున బోధించుచున్నవి. కక్షిదారు తెలుగున నేడ్చుచున్నాడు, కోయభాషలోను ఏడ్చుచున్నాడు. తెలుగు చట్టమును మోయలేదందురా? 2023 జూనులో తెలంగాణ హైకోర్టు ఒక భూవివాదమున తెలుగుననే తీర్పు వెలువరించినది. ఉన్నత న్యాయస్థానము మోయింపగల బరువును తరగతిగది మోయింపలేదా? పట్టభద్రుడై వచ్చిన విద్యార్థి పహాణీ చదువుట యెరుగక వెడలుట యెవరికి సిగ్గు?

"పగలు కూలికి పోనిదే పూట గడవదు, హాజరెట్లు?" అను బీదవిద్యార్థి మాటకు మేము తలవంతుము. వానిని నిందించుట మా యుద్దేశము కాదు. 2024 జూలైలో సుప్రీముకోర్టు నమోదు రుసుము సామాన్యులకు 750 రూపాయలును, షెడ్యూల్డు కులములకు తెగలకు 125 రూపాయలును మించరాదని కట్టడి చేసి యొక గోడ పడగొట్టినది. మిగిలిన గోడలను ప్రభుత్వమును సమాజమును పడగొట్టవలెను. బీద విద్యార్థికి వేతనమీయుడు. ఆ 12 వారముల యభ్యాసమును భద్రాచలము వంటి చోట్ల న్యాయసహాయ కేంద్రములలో చేయించుడు. భూచట్టములను తెలుగున బోధించుడు. ప్రతి పఠనమందిరమునను చట్టపుస్తకముల కొక అర కేటాయింపుడు. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

పట్టభద్రులారా! మిమ్ము న్యాయవిద్యనుండి మరల్చుటకు మే మీ మాటలు వ్రాయలేదు, రమ్మనుటకే వ్రాసితిమి. మీ యూళ్లకు మీరే వకీళ్లు కావలెను. కాని యుద్యోగము దొరకువరకు రావలదు. వత్తురేని మూడేండ్లు నిండుగా రండు. పుస్తకమునకు, కోర్టునకు, కక్షిదారుని గుడిసెకు ముగ్గురకును ఋణపడి రండు. అంత యోపిక లేనివారు మరియొక పని చూచుకొనుట యెంతమాత్రము అవమానము కాదు. చదువక నల్లకోటు తొడుగుటయే అవమానము. ఆ వృద్ధుని తలగుడ్డలోని రసీదు మీ కొరకే యెదురుచూచుచున్నది. దాని నందుకొను చేయి చదివిన చేయి యగుగాక!